లెక్కకెక్కని గోడ

నేడు మన పట్టణములలో మేడ కట్టు తీరును శ్రోతలందరును చూచుచునే యున్నారు. మొదట పునాదులు తీసి స్తంభములు లేపుదురు. ఆ స్తంభములను దూలములతో కలిపి, వానిపై స్లాబు పోయుదురు. ఇట్లు అంతస్తుపై అంతస్తుగా కాంక్రీటు అస్థిపంజరము లేచి నిలిచిన పిదప, దాని గళ్ళలో ఇటుకలు పేర్చి గోడలు నింపుదురు. పూర్వము గోడయే ఇంటిని మోసెడిది. ఇప్పుడు మోయునవి స్తంభములు. గోడ మరుగునకును, ఎండవానలనుండి కాపుదలకును మాత్రమే యున్నది. కావుననే, హాలు వెడల్పు చేయుటకు గోడ తీయింపదలచిన గృహస్థుడు, “ఇది ఉత్త గోడయే గదా” యనును. మేస్త్రీయు అదే మాట చెప్పును. చాలకాలము ఇంజనీరు లెక్కయు అదే చెప్పినది. గోడ బరువును అణా పైసలతో సహా లెక్కించి, దాని బలము కడకు వచ్చునప్పటికి సున్న చుట్టుట పరిపాటిగా నుండెను.

భూమి కదలని దినములలో ఈ లెక్కకు వచ్చిన లోపమేమియు లేదు. భూమి కదలిననాడు ఆ ఉత్త గోడ యేమి చేయునో, దానిని లెక్కలోనికి తెచ్చుటకు శాస్త్రజ్ఞులు ఎట్టి పాట్లు పడిరో ఈ ప్రసంగములో మనవి చేయదలచితిమి.

భూకంపమనగానే పైనుండి యేదో వచ్చి యింటిపై బడినట్లు పలువురు భావింతురు. జరుగునది వేరు. క్రింద నేల ప్రక్కకు జరుగును. పైనున్న ఇల్లు తానున్నచోటనే యుండజూచును. బస్సు హఠాత్తుగా కదలినపుడు నిలుచున్నవారు వెనుకకు తూలుట యెట్టిదో ఇదియు నట్టిదే. బరువు హెచ్చినకొలది ఈ తూలుడు బలమును హెచ్చును. నాలుగు మీటరుల పొడవు, మూడు మీటరుల ఎత్తు, ఇరువదిమూడు సెంటీమీటరుల మందము గల ఇటుకగోడ యొక్కటియే సుమారు అయిదు టన్నులు తూగును. అట్టివి ఒక్కొక్క అంతస్తులో ఎన్ని యుండునో లెక్కించి చూడుడు. కావున గోడ మొట్టమొదట చేయునది అపకారమే. తన బరువు మేరకు భూకంపబలమును పెంచును. అయితే కథ అంతటితో ముగియదు.

పూర్వము బడిపిల్లల చేత రాతిపలకలుండెడివి. పలకలోని రాయి పగిలి ఊడిపోయిన పిదప, మిగిలిన కొయ్యచట్రమును రెండు చేతులతో పట్టి ఒక మూలను ప్రక్కకు నెట్టిన, అది సులువుగా ఏటవాలుగా ఒరిగిపోవును. రాయి యున్నపుడో, ఎంత నెట్టినను కదలదు. ఆ రాయి చట్రమునకు మేకులతో దిగగొట్టబడినది కాదు, గాడిలో ఊరక కూర్చున్నది. అయినను చట్రమునకు బిగువు దానివలననే కలిగినది. మేడలోని ప్రతి గడియు ఇట్టి పలకయే. స్తంభములును దూలములును కొయ్యచట్రము. ఇటుకగోడ లోపలి రాయి.

ఆ బిగువు ఎట్లు కలుగుచున్నదో కొంచెము నిదానించి చూతము. దీర్ఘచతురస్రాకారమైన చట్రమును పైన ఒక ప్రక్కనుండి నెట్టినపుడు, దాని రెండు కర్ణములలో ఒకటి సాగును, రెండవది కుంచించుకొనును. గోడలోని సున్నము గాని సిమెంటు గాని లాగుడును ఓర్చుకొనజాలదు. కనుక సాగెడు కర్ణము కొనలయందు గోడకును చట్రమునకును నడుమ సన్నని సందు విచ్చుకొనును. కుంచించుకొనెడు కర్ణము కొనలయందు మాత్రము చట్రము గోడను గట్టిగా అదుముకొనును. అప్పుడు బలము గోడలో ఒక మూలనుండి ఎదుటి మూలకు ఏటవాలుగా ప్రవహించును. చూచువారికి అది నిండుగోడయే, కాని పనిచేయునది ఆ కర్ణము వెంబడినున్న ఒక పట్టీ మాత్రమే. తడిక తలుపు ఒరగకుండుటకు మన పల్లెవారు ఏటవాలుగా కట్టు వెదురుబద్ద వంటిదన్నమాట. నేల వెనుకకు తిరిగినపుడు ఈ బద్ద మాయమై, రెండవ కర్ణము వెంబడి మరియొకటి పుట్టును. భూకంపానంతరము గోడలపై కనబడు గుణకారపు గుర్తు వంటి పగుళ్ళు ఈ రెండు బద్దల జాడలే.

గోడకు బదులు కాగితముపై ఒక ఊతకర్రను గీసి లెక్క కట్టవచ్చునను ఈ ఊహను 1950ల దశకములో సోవియట్ రష్యాకు చెందిన పొల్యకోవు వెల్లడించెను. ఊహ సులభమైనదే. ఆ ఊతకర్ర వెడల్పు ఎంతయన్న ప్రశ్న మాత్రము నేటికిని పండితులను వదలలేదు. 1961లో హోమ్సు అను నాతడు కర్ణము పొడవులో మూడవ వంతనెను. గోడ చట్రమును ఎంతమేర అంటియుండునో అది స్తంభపు బిగువుపైనను గోడ బిగువుపైనను ఆధారపడునని అదే దశకములో స్టాఫర్డు స్మిత్తు ప్రయోగములతో చూపెను. 1971లో మెయిన్‌స్టను ఇచ్చిన సూత్రము ననుసరించి సామాన్యమైన గళ్ళలో అది పదవ వంతు ప్రాంతమునకు దిగును. 1992లో పాలే, ప్రీస్ట్లీ అను నిరువురు నాలుగవ వంతు చాలునని వ్రాసిరి.

ఒకే గోడకు మూడవ వంతు, నాలుగవ వంతు, పదవ వంతు! ఇదెక్కడి శాస్త్రమని శ్రోతలకు తోచవచ్చును. మా అభిప్రాయములో ఇందు వింతయేమియు లేదు. గోడ పగులకముందు ఒక గోడ, పగిలిన పిదప వేరొక గోడ. భూకంపము ముప్పది నలువది సెకండ్లలో ఒకే గోడను అటు నిటు పలుమారులు నలుపును. ఒక్కొక్క ఊపునకు దాని బిగువు తరిగిపోవును. ఇటుక కాల్పును, మేస్త్రీ చేతివాటమును, దూలము క్రింద చివరి వరుస బిగించిన తీరును ఇందులో చేరును. ఆ చివరి వరుసను నిండుగా కూరక సందు విడిచిన, గోడ పనిలోనికి వచ్చుటయే ఆలస్యమగును. కావున వివేకముగల ఇంజనీరు ఒక్క సంఖ్యను నమ్మక, గోడ గట్టిదనుకొని ఒకసారియు, మెత్తనిదనుకొని ఒకసారియు, గోడయే లేదనుకొని మరియొకసారియు లెక్క కట్టి, ఏ స్తంభమునకు ఏ లెక్కలో ఎక్కువ బలము వచ్చినదో దానికే సిద్ధపడును.

ఒక చిన్న లెక్క చూతము. స్తంభముల నడుమ దూరము నాలుగు మీటరులు, ఎత్తు మూడు మీటరులు. కర్ణము అయిదు మీటరులగును. ఊతకర్ర వెడల్పు పదవ వంతనుకొన్నచో అర మీటరు. ఎనిమిది టన్నుల బలముతో ప్రక్కకు నెట్టినచో, అదంతయు గోడయే మోసినయెడల, ఊతకర్రలో పది టన్నుల ఒత్తిడి కలుగును. దానికి తోడు ఒక స్తంభమును ఆరు టన్నుల బలము పైకి లాగుచుండగా, రెండవదానిని అంతే బలము క్రిందికి నొక్కును. స్తంభములు ముప్పది సెంటీమీటరుల చదరములనియు, గోడ ఇరువదిమూడు సెంటీమీటరుల మందమనియు, ఇటుక పని నాణ్యము సామాన్యమనియు అనుకొని మేము కట్టిన లెక్కలో, గోడ యున్న గడి ఖాళీ గడికంటె సుమారు మూడింతలు బిగువుగా తేలినది. ఉత్త గోడయని మనము తీసివేసినది చట్రముకంటె రెట్టింపు బిగువుగలదని దీనివలన తేటపడుచున్నది.

గోడను లెక్క విడిచిన ఒరిగిన దోషమేమి, ఉన్న బలమును లేదనుకొనుట జాగ్రత్తయే గదా యని కొందరందురు. ఇది పైకి న్యాయముగా తోచును, కాని నిజము కాదు. ప్రతి కట్టడమునకును తనదైన ఊపుకాలమొకటి కలదు. పదునైదు మీటరుల ఎత్తు, పండ్రెండు మీటరుల పొడవు గల మేడను తీసికొందము. 2016లో సవరింపబడిన భారతీయ ప్రమాణము 1893లోని సూత్రముల ప్రకారము, గోడలు లేని చట్రముగా చూచిన దాని ఊపుకాలము 0.57 సెకండు, గోడలు నిండినదిగా చూచిన 0.39 సెకండు. గట్టి రాతినేలపై ఈ భేదము వలననే భూకంపబలము సుమారు నలువది శాతము హెచ్చుచున్నది. బిగిసిన కట్టడము ఎక్కువ దెబ్బను తనవైపు లాగికొనును. కనుక గోడను మరచిన ఇంజనీరు బలమును తక్కువగా లెక్కించినవాడగును. అంతకంటె గొప్ప ప్రమాదము వేరొకటి యున్నది. గోడలు అన్ని అంతస్తులలోను సమముగా లేనిచో, ఎక్కడ లేవో అక్కడ చట్రము విరుగును.

దీనికి సాక్ష్యము దూరదేశమున వెదుక నక్కరలేదు. 2001 జనవరి 26వ తేదీ, గణతంత్ర దినోత్సవము నాడు, ఉదయము 8 గంటల 46 నిమిషములకు గుజరాతులోని కచ్ఛ ప్రాంతమున భూకంపము వచ్చెను. దాని పరిమాణము 7.7. భుజ్, భచావు, అంజారు పట్టణములు నేలమట్టమగుట యెల్లరకు తెలిసినదే. ఇంజనీరులను నివ్వెరపరచినది అహమ్మదాబాదు. ఆ నగరము భూకంప కేంద్రమునకు రెండువందల కిలోమీటరులకు మించిన దూరమున నున్నది. అచ్చటి యంత్రము నమోదు చేసిన నేల కదలిక భూమ్యాకర్షణ త్వరణములో సుమారు పదవ వంతు మాత్రమే. అయినను పదుల కొలది బహుళాంతస్తుల మేడలు కూలి, వందలాది జనులు మరణించిరి.

కూలిన వానిలో మిక్కిలి భాగమునకు ఒక సామ్యము కలదు. క్రింది అంతస్తును కారులు, స్కూటరులు నిలుపుకొనుటకై గోడలు లేక స్తంభములపైననే విడిచిరి. పైన నాలుగైదు అంతస్తులు, కొన్నిట పది అంతస్తులు, నిండు గోడలతో కట్టిరి. గోడలున్న పై భాగమంతయు ఒకే పెట్టెవలె బిగిసియుండును. అది ఊగుటకు వీలులేక, ఊగవలసిన ఊపంతయు క్రింది స్తంభములకే వచ్చి పడును. కొయ్యకాళ్ళపై నిలిచి, నెత్తిన బరువైన పెట్టె నెత్తుకొన్నవానిని నేల కుదిపినట్లగును. పై అంతస్తుల గదులలో పగుళ్ళైనను పడకయుండగా, క్రింది స్తంభముల కొనలు నలిగి, మేడ ఒక అంతస్తు మేర క్రుంగిన సందర్భములు పెక్కు కనబడినవి. కాంక్రీటు నాసిరకమగుట, స్తంభములోని చుట్టుకమ్ములు ఎడముగా నుండుట, పై అంతస్తులు వీధివైపునకు ముందుకు పొడుచుకొని వచ్చుట అను తప్పులును వానిలో కలవు. అయినను మొదటి తప్పు ఆ ఖాళీ అంతస్తే. అట్టి కట్టడములకు మెత్తని అంతస్తు గలవియని పేరు.

2002 నాటి ప్రమాణములో దీనికి కొలత యిచ్చిరి. ఒక అంతస్తు బిగువు పై అంతస్తు బిగువులో 70 శాతమునకు తగ్గినచో అది మెత్తనిదనియు, 60 శాతమునకు తగ్గినచో అతి మెత్తనిదనియు చెప్పిరి. మనము పైన వేసిన లెక్కలో ఖాళీ అంతస్తు బిగువు మూడవ వంతుకే దిగినది! అట్టి అంతస్తు స్తంభములను, దూలములను మామూలు బలమునకు రెండున్నర రెట్లకు రూపొందింపవలయునని అదే ప్రమాణము విధించెను. 2016లో మరియొక అడుగు వేసి, నిండుగోడలను ఊతకర్రలుగా లెక్కించు పద్ధతిని ప్రమాణములోనే చేర్చి, ఖాళీ అంతస్తులో కాంక్రీటు గోడలు గాని ఏటవాలు కమ్ములు గాని పెట్టి బిగువు తేవలయుననిరి. ఈ రెండవ మార్గమే మంచిదని మా తలంపు. స్తంభమును ఎంత లావు చేసినను ఊపంతయు అచ్చటనే కూడుట మానదు. గోడ పెట్టిననే మానును.

మన తెలుగు పట్టణములలో స్టిల్టుపై అయిదంతస్తులు వీధి కొకటి కాదు, ఇంటి కొకటిగా లేచియున్నవి. మన ప్రాంతము కచ్ఛము వంటిది కాదనుట నిజమే. కాని 1969 ఏప్రిల్ 13వ తేదీన భద్రాచలము ప్రాంతమున 5.7 పరిమాణము గల భూకంపము వచ్చెను. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు జిల్లాలో 5.3 పరిమాణముతో వచ్చిన కంపము హైదరాబాదు, విజయవాడ వాసులకును తెలిసినది. 2002 నాటి పటములో విజయవాడ మూడవ మండలమున చేర్చబడినది. అహమ్మదాబాదు చేరినదియు ఆ మూడవ మండలముననే.

గోడను పూర్తిగా తీయుట యెంత ప్రమాదమో, సగము కట్టుటయు నొక్కొక్కచో నంతే. పాఠశాలలలోను కార్యాలయములలోను వెలుతురునకై స్తంభముల నడుమ సగముపైగా గోడ కట్టి, పైన వరుసగా కిటికీలు విడుతురు. మూడు మీటరుల స్తంభములో రెండు మీటరులు గోడ పట్టుకొనినచో, వంగుటకు మిగిలినది ఒక మీటరే. స్తంభపు బిగువు పొడవు ఘనమును బట్టి మారును. పొడవు మూడవ వంతయిన బిగువు ఇరువదియేడు రెట్లగును. ఆ పొట్టి స్తంభము ప్రక్క స్తంభముల పాలును తానే లాగికొని, కిటికీ ప్రక్కన అడ్డముగా తెగును. ఇచ్చట గోడ స్తంభమునకు సాయము చేయుటకు మారు గొంతు నొక్కుచున్నది. కాగితముపై గోడను గీయని ఇంజనీరునకు ఈ సంగతి ఎన్నటికిని కనబడదు. గోడను గీసినను, కర్ణమున ఒక్క ఊతకర్రనే గీసినవానికి మూలల కడ స్తంభముపై గోడ వేయు పోటు తెలియదు. అందువలన సూక్ష్మముగా చూడదలచినవారు ఒకటికి మూడు ఊతకర్రలు గీయుదురు. ఇటుకను ఇటుకగా, నడుమ సిమెంటును సిమెంటుగా కంప్యూటరులో పేర్చి చూచువారును కలరు. అది పరిశోధనకు తగును గాని ప్రతి మేడకును సాధ్యము కాదు.

ఊతకర్ర లెక్కయంతయు గోడ తన గడిలో నిలిచియుండునను నమ్మకముపై ఆధారపడినది. సగమిటుక మందపు గోడ పై అంతస్తులో అడ్డముగా ఊగి వీధిలోనికి ఊడిపడినచో, ఊతకర్రయు లేదు, లెక్కయు లేదు. క్రింద నున్నవారికి ప్రాణాపాయము. కావున కిటికీ క్రిందను, పైనను సన్నని కాంక్రీటు పట్టీలు వేసి స్తంభములతో ముడివేయుట మేలు. ఈ సందర్భమున కాశ్మీరపు పాత యిండ్లను తలపక తప్పదు. ధజ్జీ దేవారీ యని అచ్చటివారు పిలుచు పద్ధతిలో, కొయ్యచట్రమును నిలువు, అడ్డము, ఏటవాలు ముక్కలతో చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో మట్టితో ఇటుకలో రాళ్ళో కూరుదురు. 2005 అక్టోబరు 8వ తేదీ భూకంపములో ఇట్టి యిండ్లు తమ ప్రక్కనున్న కొత్త కట్టడములు పెక్కింటికంటె మేలుగా నిలిచెనని పరిశీలకులు వ్రాసిరి. చిన్న గడి యగుటచే గోడ ఊడిపడదు. మట్టి మెత్తనిదగుటచే వేయి చోట్ల సన్నని పగుళ్ళు పడి, ఆ రాపిడిలోనే భూకంపశక్తి చాల భాగము కరగిపోవును. కంప్యూటరు లేని వడ్రంగులు గోడను చట్రమునకు తోడుగా నెంచుట మన కాశ్చర్యము గొలుపుచున్నది.

ఇక గృహస్థులు చేయగలది కొంత కలదు. ఫ్లాటు కొనువారు నేలపలకల రంగుతోపాటు, క్రింది అంతస్తులో స్తంభముల నడుమ కాంక్రీటు గోడలు రెండు దిశలలోను ఉన్నవా యని కూడ అడుగవలయును. లిఫ్టు చుట్టు గోడ యొక్కటి ఒక మూల నున్నంత మాత్రమున చాలదు. అది మేడను ఆ మూల చుట్టు తిప్పును. వీధుల కూడలిలోని అంగళ్ళకు రెండు ప్రక్కల గోడలు, రెండు ప్రక్కల షట్టరులు ఉండుటయు నిట్టి మెలికకే దారి. ఇప్పటికే ఖాళీ అంతస్తుతో నున్న మేడలకును చికిత్స లేకపోలేదు. కారులు తిరుగుటకు అడ్డురాని గళ్ళను ఏరి, ఇరువైపుల సమముగా, పునాదినుండి పై దూలము వరకు కాంక్రీటు గోడలు పోయవచ్చును. ఉన్న స్తంభములకు ఉక్కు తొడుగు గాని కాంక్రీటు తొడుగు గాని వేయవచ్చును. అయితే ఏ గడిలో గోడ, ఎంత మందము, పాత పునాది దానిని మోయునా యనునది కట్టడములెరిగిన ఇంజనీరు వచ్చి, నకళ్ళు చూచి, లెక్క కట్టి చెప్పవలసినది. హాలునకును పడకగదికిని నడుమ గోడ తీయింపదలచినవారును, మేస్త్రీని పిలుచుటకు ముందు, ఆ యింజనీరునే పిలిచి, క్రింది అంతస్తులోను పై అంతస్తులోను ఆ గోడ కెదురుగా నున్న గోడలను కూడ చూపవలయును.